ఒకే కమొడోర్‌లో రెండు సిడ్ చిప్‌లు: తొమ్మిదేళ్ళ వాడకం తర్వాత

మా మావయ్య ఓడల్లో ఇంజనీరు. 1989లో హాంబర్గ్ రేవులో కమొడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్ ఒకటి కొని, దుప్పటి మడతల్లో చుట్టి విశాఖ తెచ్చాడు. కొన్నేళ్ళు ఆటలాడాం, తర్వాత అది మూలపడింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రోజు పెదవాల్తేరులో మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి ఆ గదంతా తడిసిపోయింది. ఇనప బీరువా పైఅరలో ఉన్న కమొడోర్ మాత్రం చెక్కుచెదరలేదు. సామాన్లు సర్దుతూ దాన్ని చూశాక మళ్ళీ వాడాలనిపించింది, ఈసారి పాటలు కట్టడానికి. 2016లో దానికి రెండో సౌండ్ చిప్ పెట్టాను. అప్పట్నుంచి వారానికి మూడు నాలుగు రాత్రులు దాని ముందే కూర్చుంటున్నాను.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. కమొడోర్ 64లో శబ్దం పుట్టించే చిప్ పేరు సిడ్. బాబ్ యానెస్ రూపొందించాడు. 1982లో వచ్చిన మొదటి రకం నంబరు 6581, తర్వాతి రకం 8580. ఒక్కో చిప్‌కి మూడే గొంతులు, అంటే ఒకేసారి మూడు స్వరాలే. ఆ మూడింటికీ కలిపి శబ్దంలో కొంత భాగాన్ని తగ్గించే ఫిల్టర్ ఒకటి. కంపెనీ పెట్టింది ఒక్క చిప్పే, శబ్దం వచ్చేది ఒక్క వైపే. రెండోది పెట్టుకునే అలవాటు మాత్రం పాతదే. 1980ల్లోనే సిడ్‌ప్లేయర్ అనే పాటల ప్రోగ్రాం వాడేవాళ్ళు మొదటి మూడు గొంతులు .మస్ ఫైల్లో, తర్వాతి మూడు .ఎస్‌టీఆర్ ఫైల్లో రాసుకునేవారు.

నేను మొదట చేసింది చిప్ మీద చిప్ ఎక్కించడం. మెషీన్‌లో ఉన్నది 6581, నాకు దొరికిన రెండోది 8580. 28 కాళ్ళలో పదింటిని పైకి వంచాను: ఫిల్టర్ కెపాసిటర్లవి 1 నుంచి 4, ఆజ్ఞ ఏ చిప్‌కో చెప్పే చిప్ సెలెక్ట్ 8, ప్యాడిల్స్‌వి (ఆటల్లో తిప్పే మీటలవి) 23, 24, బయటి ఆడియో లోపలికి వచ్చే 26, శబ్దం బయటికొచ్చే 27, పై వోల్టేజీ 28. మిగిలిన పద్దెనిమిదీ కింది చిప్ కాళ్ళకు సోల్డర్ చేశాను. 6581కి 12 వోల్టులు కావాలి, 8580కి 9 చాలు. అందుకని జగదాంబ దగ్గర విడిభాగాల షాపులో 7809 రెగ్యులేటర్ తెచ్చి 28వ కాలికి కలిపాను. ఫిల్టర్‌కి 6581 వాడేది 470 పీకోఫారడ్లు, 8580 వాడేది 22 నానోఫారడ్లు. ఆ రెండూ కలగాపులగం చేస్తే ఫిల్టర్ అసలు పనిచేసినట్టే ఉండదు. చిప్ సెలెక్ట్‌ను కార్ట్రిడ్జ్ పోర్టు ఏడో పిన్నుకి ఒక్క వైరుతో కలిపితే రెండో చిప్ చిరునామా డిఈ00 అవుతుంది. బయటికొచ్చే శబ్దానికి ఒక బీసీ547 ట్రాన్సిస్టర్, కిలో ఓమ్ రెసిస్టర్, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్. రెండు ఆదివారాల పని.

శబ్దం వచ్చింది. నచ్చలేదు.

తప్పు చిప్‌ది కాదు, నాది. స్వరం పూర్తిగా ఎడమకి, బేస్ పూర్తిగా కుడికి పెట్టేశాను. హెడ్‌ఫోన్స్‌లో పది నిమిషాలు వింటే చాలు, తల బరువెక్కేది. రెండు వేర్వేరు గదుల్లో ఇద్దరు వాయించుకుంటున్నట్టుండేది. ఆరు నెలలపాటు అలాగే కట్టి, అవన్నీ చెరిపేశాను.

ఆ ఏడాదే సింహాచలం కొండ మీద మా చిన్నాన్న కూతురి పెళ్ళి. సన్నాయి మేళంలో ఇద్దరు ఊదుతున్నారు. తాళి కట్టాక కాస్త ఖాళీ దొరికితే పెద్దాయన పక్కన కూర్చుని, ఇద్దరూ ఒకే పాట ఊదుతున్నప్పుడు రెండో ఆయన దేనికని అడిగాను. "ఇద్దరం అచ్చంగా ఒకేలా ఊదితే ఒక్క సన్నాయే ఊదినట్టుంటాది బాబూ. కూసింత తేడా ఉంటేనే మేళం" అన్నాడు. ఇంటికొచ్చి ఆ రాత్రే ప్రయత్నించాను.

సిడ్‌లో స్వరస్థాయి అంటే ఒక అంకె. మన పాత టీవీల పద్ధతి అయిన పాల్ కమొడోర్ గడియారం సెకనుకు 9,85,248 సార్లు కొట్టుకుంటుంది కాబట్టి ఆ అంకె ఒకటి పెరిగితే శబ్దం 0.0587 హెర్ట్జ్ పెరుగుతుంది. 440 హెర్ట్జ్‌కి 7492. ఎడమ చిప్‌లో 7492 ఉంచి, కుడి చిప్‌లో 7512 పెట్టాను. ఇరవై అంకెల తేడా, అంటే సెకనుకి ఒకసారికి కాస్త పైన అల లేచి పడుతుంది. స్పీకర్లలో విన్న మొదటిసారి నాకు ఒళ్ళు జలదరించింది. బొమ్మ కీబోర్డులా మోగే పల్స్ అలకి ఊపిరి వచ్చినట్టయింది. ఎవరైనా కమొడోర్‌లో ఉండే బేసిక్ భాషలోనే చూసుకోవచ్చు (పోక్ అంటే ఆ చిరునామాలో ఆ అంకె పెట్టమని): ఎడమకి పోక్ 54272, 68, పోక్ 54273, 29. కుడికి ఆ ఇరవై తేడా కలిపి 88, 29. రెండో చిప్ డి420 దగ్గరుంటే కుడి చిరునామాలు 54304, 54305. డిఈ00 దగ్గరుంటే 56832, 56833.

హెడ్‌ఫోన్స్‌లో కథ వేరు. ఒక్కో చెవికి ఒక్కో చిప్పే వినపడితే అల లేవదు, శబ్దం తలలో ఒక వైపు నుంచి ఇంకో వైపుకి తిరుగుతుంది. అందుకే రెండు ఔట్‌పుట్‌ల మధ్య ఒక రెసిస్టర్ వేసి, ఇటుది కొంచెం అటు, అటుది కొంచెం ఇటు కలిసేలా చేశాను. రెండో చిప్ పెట్టుకునే ప్రతివాళ్ళకీ నేను మొదట చెప్పేది ఇదే. పూర్తి ఎడమ, పూర్తి కుడి వద్దు.

రెండో లాభం నేను ఊహించనిది. మూడు గొంతులతో మన సంగీతం కట్టడం కష్టం. తంబూరా శ్రుతికే సా, పా రెండు గొంతులు పోతాయి, మిగిలేది ఒక్కటి. ఇప్పుడు శ్రుతి అంతా కుడి చిప్‌కి అప్పగించి ఎడమ మూడూ పాటకి ఉంచుతున్నాను. ఇక్కడ ఇంకో చిన్న సంగతి. పాటలు కట్టే ప్రోగ్రాం, అంటే ట్రాకర్ పట్టికలో 7492కి పంచమం 11225. మన పంచమం సరిగ్గా ఒకటిన్నర రెట్లు, అంటే 11238. పదమూడు అంకెల తేడాయే. కానీ శ్రుతి నిలకడగా మోగేటప్పుడు ఆ పదమూడూ చెవికి గుచ్చుకుంటాయి. నేను పట్టిక మార్చుకున్నాను. మా అమ్మ చిన్నప్పుడు వీణ నేర్చుకుంది. పట్టిక మార్చిన రోజు వంటింట్లోంచే "ఇప్పుడు కుదిరిందిరా" అంది.

ఫిల్టర్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. 6581ల్లో ఏ రెండు చిప్‌ల ఫిల్టరూ ఒకేలా ఉండదు. ఒకదానిలో తెరుచుకుని మోగే అంకె ఇంకోదానిలో మూత పెట్టినట్టుంటుంది. 8580 నిక్కచ్చిగా, శుభ్రంగా ఉంటుంది. అందుకే గరగరలాడే బేస్ ఎడమ 6581కి, మెత్తని స్వరాలు కుడి 8580కి. వాల్యూమ్ రిజిస్టర్‌తో మోగించే శాంపిళ్ళు (రికార్డ్ చేసిన శబ్దపు ముక్కలు) 8580లో బాగా సన్నగా వస్తాయి, అవి కూడా ఎడమకే. రెండూ ఒకే రకం చిప్‌లు ఉన్నవాళ్ళని చూసి ఇప్పుడు నాకు అసూయ లేదు.

ఇబ్బందులు చాలానే పడ్డాను. 6581 మామూలుగానే వేడెక్కుతుంది. దాని నెత్తిన ఇంకోటి కూర్చుంటే కింది దానికి గాలాడదు. వైశాఖంలో ఒక మధ్యాహ్నం వేలు పెట్టలేకపోయాను. మరుసటి ఏడాది రెండు చిప్‌లూ పక్కపక్కన కూర్చునే బోర్డు తెప్పించి, వాటికి అల్యూమినియం హీట్‌సింకులు అంటించాను. చిరునామా కూడా డి420కి మార్చాను, ఎందుకంటే డిఈ00ని చాలా కార్ట్రిడ్జ్‌లు వాడుకుంటాయి. ఇక సముద్రపు గాలి. ఏడాదికోసారి సాకెట్ల కాళ్ళు పచ్చబడి ఒక గొంతు తెగిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, డబ్బాలో సిలికా జెల్ సంచులు పెడతాను. ఆన్‌లైన్‌లో కొన్న మూడు చిప్‌లలో రెండు, పైనున్న పాత పేరు చెరిపి 6581 అని కొత్తగా అచ్చేసినవి. అమ్మినవాడు డబ్బు తిరిగివ్వలేదు. చిప్‌ను మెషీన్‌లో మోగించిన వీడియో చూడకుండా కొనకండి. ఆ కాలం నాటి పవర్ అడాప్టర్ కూడా వద్దు. లోపలి రెగ్యులేటర్ చెడితే 5 వోల్టుల లైన్లో ఎక్కువ వోల్టేజీ వచ్చి చిప్‌లు మాడిపోతాయి.

రికార్డింగ్‌లో గుంయ్ మనే రొద ఇంకో తలనొప్పి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద రికార్డ్ చేస్తే సగం పోయింది. మిగతాది వీడియో చిప్ నుంచి వచ్చేది. పోక్ 53265, 11 అని కొట్టి తెర ఆపేస్తే బాగా తగ్గింది.

పాత పాటలు ఒక్క చిప్‌కి రాసినవి కాబట్టి ఎడమ వైపే మోగుతాయి. దీనికి ఒక స్విచ్ పెట్టుకున్నాను, నొక్కితే రెండు చిప్‌లకీ ఒకే ఆజ్ఞ అందుతుంది. 6581, 8580 ఒకే పాటని తమ తమ గొంతుల్లో పాడుతుంటే ఎంత బాగుంటుందో! ఆటలాడేటప్పుడు మాత్రం ఆ స్విచ్ కట్టేయాలి. కొన్ని ఆటలు సిడ్ నుంచి అంకెలు చదువుతాయి, అప్పుడు రెండూ ఒకేసారి జవాబిస్తే గొడవ.

పాటలు కట్టడానికి నేను వాడేది పీసీ మీద గోట్‌ట్రాకర్ స్టీరియో. వినడమే కావాలంటే చిప్ కొనక్కర్లేదు. హై వోల్టేజ్ సిడ్ కలెక్షన్ అనే సిడ్ పాటల సేకరణలో పేరు చివర 2ఎస్ఐడి అని ఉన్న ఫైళ్ళు పీసీ ప్లేయర్లోనే ఎడమ కుడిగా మోగుతాయి. కమొడోర్ ఉండి ఇప్పుడే మొదలుపెడుతుంటే సిడ్‌ను అనుకరించే కొత్త బోర్డు ఎఫ్‌పీజీఏసిడ్ తీసుకోండి. ఒకే ముక్కలో రెండు సిడ్‌లు, వేడి లేదు, రెండు రకాల ఫిల్టర్లూ ఉంటాయి. స్నేహితుడి దగ్గర తెచ్చి నాలుగు నెలలు వాడాను, ఒక్క రోజు ఇబ్బంది పెట్టలేదు. నేను మళ్ళీ పాత చిప్‌లకే వచ్చేశాను, నా ఎడమ 6581లోని ఆ గరగర నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ప్రస్తుతం తప్పెటగుళ్ళ దరువు ఒకటి కడుతున్నాను. రెండు చిప్‌లలోనూ బుస్‌మనే నాయిస్ అల, రెండు వైపులా గుండెల మీద తప్పెట్లు కట్టుకున్న రెండు వరసలు. ఎడమ వరస కొట్టిన దెబ్బకి కుడి వరస ఒక్క ఫ్రేము, అంటే సెకనులో యాభయ్యో వంతు ఆలస్యంగా జవాబిస్తుంది. రెండు ఫ్రేములైతే తడబడినట్టుంది, ఒకటైతే ఇరవై మంది ఆడుతున్నట్టుంది. గజ్జెల చప్పుడు ఇంకా కుదరలేదు. 8580లో సన్నని శబ్దాన్నే వదిలే హైపాస్ ఫిల్టర్‌తో ప్రయత్నిస్తున్నాను.