మధుమేహానికి ఉపవాసం: వారానికి రెండు రోజులా, రోజూ కొన్ని గంటలా?

రెండో రకం మధుమేహం ఉన్నవారు ఉపవాసం మొదలుపెట్టదలచినప్పుడు 16:8 పద్ధతి (రోజూ ఎనిమిది గంటల లోపే తిని, మిగిలిన పదహారు గంటలు ఉపవాసం ఉండటం) మేలా, 5:2 పద్ధతి (వారంలో అయిదు రోజులు మామూలుగా తిని, రెండు రోజులు చాలా తక్కువ తినడం) మేలా అని నన్ను తరచుగా అడుగుతున్నారు. నేను రెండింటినీ పాటించి చూసి, చివరకు మొదటిదాని దగ్గర స్థిరపడ్డాను. అడిగేవారిలో చాలామంది బరువు దేనితో ఎక్కువ తగ్గుతుందన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నారు. నా దృష్టిలో అంతకంటే ముందు చూసుకోవలసినది, ప్రస్తుతం వేసుకుంటున్న మందులు ఏవన్నది.

ఫలితాల విషయంలో ఈ రెండింటి మధ్య పెద్ద తేడా చూపించడం కష్టం. ఆస్ట్రేలియాలో 137 మందిపై ఏడాది పాటు జరిగి 2018లో వెలువడిన పరిశోధనలో, 5:2 పాటించినవారికి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే రక్తపరీక్ష అంకె) 0.3 శాతం, రోజూ కొద్దికొద్దిగా తిండి తగ్గించుకున్నవారికి 0.5 శాతం తగ్గగా, రెండూ సమానమేనని పరిశోధకులు తేల్చారు. అమెరికాలో 75 మంది మధుమేహులపై ఆరు నెలలు జరిగి 2023లో వెలువడిన మరో పరిశోధనలో, మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 గంటల లోపు మాత్రమే తిన్నవారికి అది సుమారు 0.9 శాతం తగ్గింది; కేలరీలు లెక్కపెట్టుకుని తిన్నవారికీ దాదాపు అంతే తగ్గింది. 0.9ని 0.3తో పోల్చి 16:8 గెలిచిందనడం మాత్రం సరికాదు, ఎందుకంటే పాల్గొన్నవారు వేరు, కాలవ్యవధీ వేరు. మొత్తం మీద తిండి తగ్గడం వల్లనే ఈ మేలులో ఎక్కువ భాగం సమకూరుతున్నదని నేను అర్థం చేసుకున్నాను.

మందుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం దారులు వేరవుతాయి. గ్లిమెపిరైడ్, గ్లైక్లజైడ్ వంటి మాత్రలు మనం తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. ఇంజెక్షన్‌గా తీసుకునే ఇన్సులిన్ కూడా కడుపు ఖాళీగా ఉందని ఆగదు. 16:8లో ప్రతి రోజూ ఒకేలా ఉంటుంది కాబట్టి వైద్యులు మోతాదును, వేళను ఒకసారి సవరించి, ఆ తరువాత చక్కెర అంకెలను బట్టి సరిచూస్తే సరిపోతుంది. 5:2లో వారంలో రెండు రకాల రోజులు ఉంటాయి: అయిదు రోజులు మామూలు తిండి, రెండు రోజులు 500 నుంచి 600 కేలరీలు మాత్రమే. అందుచేత మోతాదులు కూడా రెండు రకాలుగా ఉండాలి, ఏ రోజు ఏదన్నది రోగే గుర్తు పెట్టుకోవాలి. న్యూజిలాండ్‌లో జరిగి 2018లో వెలువడిన ఒక చిన్న పరిశోధనలో, మందులు ముందుగానే తగ్గించినప్పటికీ ఉపవాసపు రోజుల్లో చక్కెర పడిపోయే ఘటనలు దాదాపు రెట్టింపయ్యాయి.

నాకు ఇది అనుభవంలోకి కూడా వచ్చింది. 5:2 మొదలుపెట్టిన మూడో వారంలో ఒక ఉపవాసపు రోజున, అలవాటు కొద్దీ ఉదయపు గ్లిమెపిరైడ్‌ను పూర్తి మోతాదులో వేసుకున్నాను. సాయంత్రం నాలుగు గంటలకు చేతులు వణికి, చెమటలు పట్టి, మాట తడబడింది. గ్లూకోమీటర్‌లో 58 చూపించింది. ఆ సమయంలో ఇంట్లో మనిషి ఉండటం వల్ల తేరుకున్నాను. ఆ వారమే వైద్యురాలితో మాట్లాడి 16:8 పద్ధతికి మారాను.

16:8లోనూ ఏ ఎనిమిది గంటలన్న ప్రశ్న ఉంది. మధుమేహపు అంచున ఉన్న ఎనిమిది మంది పురుషులపై జరిగిన 2018 నాటి పరిశోధనలో, మధ్యాహ్నం 3 గంటల లోపు తిండి ముగించినప్పుడు, బరువు తగ్గకుండానే ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది. ఎనిమిది మందితో ఏదీ రుజువు కాదు. అయినా పగటి భోజనం వైపే నేను మొగ్గి, ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు నియమం పెట్టుకున్నాను. ఇంటిల్లిపాదీ రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు పక్కన ఊరికే కూర్చోవడం కష్టమే, ఆ కష్టాన్ని తక్కువ చేసి చెప్పను. రాత్రి విందులు తప్పనిసరైన వృత్తిలో ఉండి, మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతున్నవారికి 5:2 నిజంగానే సులువు కావచ్చు, ఎందుకంటే ఆ మందు ఒక్కటే వాడినప్పుడు చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు.

ఇక రోజుల తరబడి నీళ్లతో ఉండే ఉపవాసాలను ఇంట్లో ప్రయత్నించే ఆలోచనే వద్దు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ (చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపే మాత్రలు) వాడేవారికి అలాంటి ఉపవాసంలో, చక్కెర మామూలుగానే కనిపిస్తూ, కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే ప్రాణాపాయ స్థితి) వచ్చే ప్రమాదం ఉంది. మొదటి రకం మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, మూత్రపిండాల జబ్బు ముదిరినవారు ఈ పోలికలోకి రారు.

ఏ పద్ధతి ఎంచుకున్నా, మొదటి నెలలో ఉపవాస సమయంలోనూ చక్కెర చూసుకోవాలి. 70 కంటే తగ్గితే వెంటనే ఉపవాసం విరమించి, 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించుకోవాలి. నా సంచిలో గ్లూకోజ్ మాత్రల డబ్బా ఇప్పటికీ ఉంటుంది.