రీఫ్ ట్యాంక్ నీటి పరీక్ష: చుక్కల కిట్టా, డిజిటల్ చెకరా?

రీఫ్ ట్యాంక్ అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. కొత్త ట్యాంకులో ముందు చూడాల్సింది అమ్మోనియా, నైట్రైట్. వాటికి చుక్కల కిట్ (నీటిలో మందు చుక్కలు వేసి రంగు చూసేది) చాలు, ఇందులో సందేహమే వద్దు. అసలు ప్రశ్న పగడాలు వచ్చాకే.

ఖర్చు: చుక్కల కిట్ చవక. చెకర్ (రంగును తానే కొలిచి అంకె చూపే చిన్న పరికరం) అయితే ఒక్కో రకం పరీక్షకు ఒక్కోటి కొనాలి, రీఏజెంట్ (పరీక్ష రసాయనం) అదనం.

శ్రమ: సాలిఫర్ట్ కంపెనీ ఆల్కలినిటీ (నీటి క్షారత) చుక్కల కిట్‌లో నీలిపచ్చ నీరు గులాబీకి తిరిగేదాకా సిరంజితో చుక్క చుక్క వేయాలి. హన్నా కంపెనీ ఆల్కలినిటీ చెకర్‌లో 10 మి.లీ. నీళ్లు, 1 మి.లీ. రీఏజెంట్, అంతే, అంకె వచ్చేస్తుంది.

రిస్క్: ట్యాంక్ నీలి లైటు కింద రంగు చూస్తే కన్ను మోసపోతుంది. చెకర్ గాజు సీసా మీద వేలిముద్ర ఉన్నా రీడింగ్ తప్పుతుంది, తుడిచి పెట్టాలి. ఫాస్ఫేట్‌లో మాత్రం చెకరే మేలు: లీటరుకు 0.03 మి.గ్రా.కీ 0.1 మి.గ్రా.కీ తేడా కంటికి ఆనదు.

సాఫ్ట్ కోరల్స్‌తో (గట్టి అస్థిపంజరం లేని మెత్తటి పగడాలు) మొదలుపెడితే చుక్కల కిట్లు. ఆక్రోపోరా (గట్టి పగడాల్లో ఒక రకం) పెంచుతూ ఆల్కలినిటీని 8-9 డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలమానం) దగ్గర నిలకడగా ఉంచాలంటే దానికీ, ఫాస్ఫేట్‌కీ చెకర్. కాల్షియం, మెగ్నీషియం అప్పుడు కూడా చుక్కలతోనే.