కారులో పెట్టుకునే కాఫీ కెటిల్ కొంటున్నారా? జర ఆగండి

మాది మహబూబ్‌నగర్. పోయిన నెల అలంపూర్ జోగులాంబ గుడికి కారులో పోతూ, దారిలో నచ్చినచోట ఆగి మన కాఫీ మనమే కలుపుకోవచ్చు కదా అని ఆన్‌లైన్‌లో 12 వోల్టుల కెటిల్ ఒకటి తెప్పించాను, 1,299 రూపాయలు. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెడితే 5 నిమిషాల్లో నీళ్లు మరుగుతాయని ఫొటో మీద పెద్దక్షరాలతో రాశారు. నమ్మాను.

కొత్తకోట దాటాక ఒక వేపచెట్టు కింద బండి ఆపి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, అర లీటరు నీళ్లు పోసి స్విచ్ వేశాం. పది నిమిషాలకు మూత తీస్తే స్నానానికి సరిపోయేంత వేడి, అంతే. మా బామ్మర్ది "గిండ్ల కాఫీ అయ్యేదాంక కూసుంటే గుడి తలుపులేస్తరు బావా" అని నవ్వుతున్నాడు, ఇంతలో ప్లాస్టిక్ కాలిన వాసన. ప్లగ్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. పక్క సాకెట్‌లో ఫోన్ చార్జర్ కూడా ఉంది, రెండింటికీ ఒకటే ఫ్యూజ్, అది కాస్తా ఎగిరిపోయింది.

తర్వాత కెటిల్ తిరగేసి చూస్తే అడుగున చిన్న స్టిక్కర్ మీద 120 వాట్స్ అని ఉంది. ఇంట్లో కెటిల్ 1500 వాట్స్ ఉంటుంది కదా, అందులో పన్నెండో వంతు కూడా లేదు ఇది! 120 వాట్స్‌తో అర లీటరు మరగాలంటే ఎంత లేదన్నా 20 నిమిషాలు. ఏ కంపెనీదైనా అంతే, ఎందుకంటే కారు సాకెట్‌కు మామూలుగా 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజే ఉంటుంది, అంతకుమించి లాగితే పోతుంది. పెబ్బేరులో మెకానిక్ "20ది ఏస్త, ఇగ పోనే పోదు" అన్నాడు. వద్దన్నాను. మీరూ వేయించుకోకండి, ఫ్యూజ్ బదులు లోపల వైరు కాలుతుంది.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే వాడిన వస్తువు వాపస్ తీసుకోం అన్నారు, పైగా మీ కారు వైరింగే బాగాలేదట! 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను, చూడాలి.

మొన్న సోమశిలకు పోయినప్పుడు మాత్రం మంచి కాఫీ తాగాం. స్టీలు ఫ్లాస్కులో ముందు వేడినీళ్లు పోసి ఐదు నిమిషాలుంచి పారబోసి, అప్పుడు మరిగే నీళ్లు నింపుకున్నాం. పొద్దున తీసిన చిక్కటి డికాక్షన్ చిన్న సీసాలో, పాలపొడి, చక్కెర విడిగా. పాలు ఫ్లాస్కులో గంటల తరబడి పెడితే విరుగుతాయి, అందుకే పొడి.

ఇప్పటికే ఇలాంటి కెటిల్ కొన్నవాళ్లుంటే రిటర్న్ గడువు లోపలే ఒకసారి గడియారం పెట్టి నీళ్లు కాచి, వీడియో తీసుకోండి. బిల్లు, డబ్బా పారేయకండి.