క్రాబీ, పలవాన్, అండమాన్... అమ్మతో, పిల్లలతో ఐతే ఏది మేలు?

మాది కావలి. తుమ్మలపెంట సముద్రం చూస్తా పెరిగినోళ్ళం, మళ్ళీ బీచ్ కోసం అంత డబ్బు పెట్టి పోవాలా అని అమ్మ అడిగింది. నిజమే, కానీ మన తీరమంతా ఇసకే కదా, మైపాడు పోయినా కొత్తపట్నం పోయినా సముద్రంలోంచి నిటారుగా లేచిన కొండ ఒక్కటి కనపడదు, గుహ అంటే భైరవకోన పోవాలి, అదీ రాతిలో మనుషులు తొలిచిన గుళ్ళు. సముద్రం, దీవి, గుహ మూడూ ఒక్క ట్రిప్ లో కావాలంటే దూరం పోవాల్సిందే. నేను ఈ మూడు చోట్లకీ పోయొచ్చా కాబట్టి చెప్తున్నా, పెద్దోళ్ళతో పోయేవాళ్ళు ఫొటోలు చూసి డిసైడ్ అవ్వొద్దు, పడవ ఎన్నిసార్లు ఎక్కాలి, ఎట్టా ఎక్కాలి అనేది ముందు అడగండి.

ముందు క్రాబీ, ఇది థాయ్‌లాండ్ లో ఉంది. చెన్నై నుంచి బ్యాంకాక్, అక్కడ్నించి ఇంకో చిన్న ఫ్లైట్. ఆవ్ నాంగ్ అనే బీచ్ ఊళ్ళో రూమ్ తీసుకుంటే చుట్టుపక్కల దీవులన్నీ అక్కడ్నించే చూడొచ్చు, రోజూ పెట్టె సర్దే పని లేదు, పిల్లలున్నోళ్ళకి ఇది చాలా పెద్ద ప్లస్. రైలే బీచ్ కి రోడ్డు లేదు, సున్నపురాయి కొండలు అడ్డం, పడవలోనే పోవాలి. లాంగ్ టెయిల్ పడవలవి, వెనక ఇంజిన్ కి పొడుగాటి రాడ్డు, దాని చివర ఫ్యాను, ముందు కొమ్ముకి రంగుగుడ్డలూ పూలదండలూ కడతారు. మనోళ్ళు పడవకి పసుపు కుంకుమ పెట్టినట్టే అనిపించి అమ్మ దణ్ణం కూడా పెట్టుకుంది.

కానీ ఎక్కేదెట్టా? మమ్మల్ని ఎక్కించిన కాడ మెట్లు లేవు, మోకాళ్ళు దాటిన నీళ్ళలో నడిచిపోయి ఊగే పడవకి తగిలించిన చిన్న నిచ్చెన ఎక్కాలి. అమ్మకి ఒక చేతిలో కుచ్చిళ్ళు, ఇంకో చేతిలో చెప్పులు, అల వచ్చినప్పుడల్లా నిచ్చెన పక్కకి జరిగిపోతా ఉంది. పడవ అబ్బాయి నీళ్ళలో ఒంగి తన మోకాలు మెట్టులాగా పెట్టాడు, పరాయి బిడ్డ మీద కాలు పెడతానా అని అమ్మ ఒప్పుకోలా, చివరికి నేను, మా ఆయన చెరో పక్క పట్టుకుని ఎక్కించాం. నాలుగు దీవుల టూర్ అంటే ఇట్టా దిగిన ప్రతిచోటా మళ్ళీ ఎక్కాలి. మాకు ప్యాకేజీ అమ్మిన ఏజెంట్ ఈ ఒక్క ముక్క చెప్పుంటే అమ్మని ఆ రోజు రూమ్ లోనే హాయిగా ఉండమనేదాన్ని. రెండో దీవి నుంచి ఆమె దిగలేదు, పాటు వేళ దీవికీ దీవికీ మధ్య తెల్లటి ఇసక దారి తేలుతుంది, అంత అందమైన దాన్ని పడవలో కూర్చునే చూసింది. నాకు ఇప్పటికీ బాధే.

ఇంకోటి, క్రాబీ పక్కనున్న ఫీఫీ దీవుల్లో మాయా బే అనే బీచ్ కోసమే పోయేవాళ్ళుంటే, పగడాలు పాడైపోయాయని 2018లో మూసి 2022లో తెరిచారు, ఇప్పుడు చూడ్డమే గానీ ఈత లేదు, ఆగస్టు సెప్టెంబర్ లో ఎటూ మూసేస్తారు. ఫీఫీలో సునామీ వస్తే ఎటు పోవాలో చూపించే బోర్డులుంటాయి. 2004 డిసెంబర్ 26న మన ఊళ్ళ మీదకి వచ్చిన సునామీయే ఈ దీవినీ ముంచింది, ఆ బోర్డు కాడ అమ్మ చాలాసేపు నిలబడిపోయింది.

ఫిలిప్పీన్స్ దీవి పలవాన్ కి మాత్రం మా ఆయన, నేనే పోయాం, మా పిన్ని కొడుకు ఫిలిప్పీన్స్ లో ఎంబీబీఎస్ చదువుతున్నాడు, వాడు తీసుకుపోయాడు. గుహ విషయంలో దీన్ని కొట్టేది లేదు. ప్యూర్టో ప్రిన్సెసా దగ్గర కొండ కింద 8.2 కిలోమీటర్లు పారే నది, బయటికొచ్చి నేరుగా సముద్రంలో కలుస్తుంది, పోటుకి ఉప్పునీళ్ళు లోపలికి ఎక్కుతాయి, మన పెన్న మొగలాగే, కాకపోతే పైన కొండ కప్పు. 1999లో యునెస్కో గుర్తించింది. హెల్మెట్ పెట్టి, చెవికి ఆడియో ఇచ్చి, చిన్న పడవలో తెడ్డేసుకుంటా తీసుకుపోతారు, టూరిస్టుల్ని కొంత దూరం వరకే పోనిస్తారు. లోపల మాట్లాడకూడదు. చీకట్లో తెడ్డు చప్పుడు, గబ్బిలాల రెక్కల చప్పుడు, కప్పు నుంచి మెడ మీద పడే చల్లటి చుక్క, అంతే. నాకైతే గుళ్ళో కూర్చున్నట్టు అనిపించింది. కానీ మనకి దూరం ఎక్కువ, మనీలా మీదుగా పోవాలి, పర్మిట్ ముందే తీసుకోవాలి, అందరూ చెప్పే ఎల్ నిడో లగూన్లు, అంటే కొండల మధ్య సముద్రపు నీటి మడుగులు, చూడాలంటే ప్యూర్టో ప్రిన్సెసా నుంచి వ్యాన్ లో ఇంకో ఐదారు గంటలు. చిన్నపిల్లల్ని పెట్టుకుని నేనైతే పోను.

ఇంక అండమాన్. పాస్ పోర్ట్ అక్కర్లేదు, చెన్నైలో ఎక్కితే రెండు గంటల పైచిలుకులో దిగుతాం, పోర్ట్ బ్లెయిర్ లో (ఇప్పుడు పేరు శ్రీ విజయ పురం) తెలుగువాళ్ళు బోలెడుమంది, మా ఆటో అతనిది శ్రీకాకుళం అట, అమ్మకి ఇంటి పక్కనే ఉన్నట్టు అనిపించింది. బారాటాంగ్ సున్నపు గుహలకి తెల్లారకముందే లేవాలి, జరావా ఆదివాసులుండే అడవి గుండా బండ్లన్నీ వరసగా ఒకేసారి పోవాలి, దారిలో ఆపకూడదు, ఫొటోలు తీయకూడదు, ఇది గట్టిగా పాటించాల్సిన విషయం, అది వాళ్ళ ఇల్లు. తర్వాత స్పీడ్ బోట్, మడ చెట్లు రెండుపక్కల నుంచి పందిరిలాగా కమ్ముకుంటాయి, తర్వాత కొంత నడక. అమ్మ నెమ్మదిగా, రెండుచోట్ల కూర్చుని, నడిచింది. గుహ చిన్నదే, పలవాన్ ముందు ఏమాత్రం కాదు, ఐనా టార్చ్ వేసి చూపిస్తే సున్నపు ఊడల చివర నీటిచుక్క మెరుస్తా ఉంది, పిల్లలు కదల్లేదు. స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హేవ్‌లాక్) లో రాధానగర్ బీచ్ కి బండి దగ్గర్లోకే పోతుంది, అమ్మ చెప్పులు విడిచి ఇసకలో కూర్చుని సూర్యాస్తమయం పూర్తిగా చూసింది. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేవడమే గానీ దిగడం చూడం కదా.

అందుకే పెద్దోళ్ళు ఉంటే నా ఓటు అండమాన్ కే. పెళ్ళైన కొత్తలో ఇద్దరే పోతుంటే క్రాబీ, గుహల పిచ్చి ఉండి వారం పది రోజులు సెలవుంటే పలవాన్. మన ఎండాకాలం సెలవులు క్రాబీకి కుదరవు, మే నుంచి ఆ పక్క వానలు, నవంబర్ నుంచి ఏప్రిల్ లోపు చూసుకోవాలి. పలవాన్ మాత్రం ఏప్రిల్ లోనూ పొడిగానే ఉంటుంది. అండమాన్ ఐతే సంక్రాంతి తర్వాత పెట్టుకోండి, దీవుల మధ్య ఫెర్రీ టికెట్ ముందు చూసుకుని తర్వాతే హోటల్ బుక్ చేయండి, మేం తిరగేసి చేసి ఒక రాత్రి రూమ్ డబ్బులు పోగొట్టుకున్నాం.