వీడియోల్లో వెతకాలంటే ట్యాగులా, వెక్టర్లా?

గంటల కొద్దీ ఉన్న పెళ్లి వీడియోల్లో తలంబ్రాల సీను పట్టుకోవాలంటే రెండు దారులు. మొదటిది, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో టేబుల్ పెట్టి ఫైలు పేరు, సమయం, సీనులో ఏముందో చెప్పే ట్యాగులు రాసుకుంటే వెతికినప్పుడు టక్కున దొరుకుతుంది, కానీ ఎవరో ఒకరు కూర్చుని అంతా చూసి రాయాలి, రాయనిది దొరకదు.

నాకు రెండోదే నచ్చింది. సెకనుకో ఫ్రేము తీసి, బొమ్మల్నీ మాటల్నీ పోల్చగల, ఓపెన్‌ఏఐ 2021లో విడుదల చేసిన క్లిప్ మోడల్‌తో వెక్టర్లుగా, అంటే బొమ్మలో ఏముందో పట్టే అంకెల వరుసలుగా మార్చి, అదే పోస్ట్‌గ్రెస్‌లో వెక్టర్లను దాచి వెతికే పీజీవెక్టర్ ఎక్స్‌టెన్షన్ వేసుకుని దాచడం. గంట వీడియోకి 3,600 ఫ్రేములు, ఒక్కోదానికి 512 అంకెలు, మొత్తం 7 ఎంబీ చిల్లర, అంతే! "తల మీద బియ్యం పోస్తున్న పెళ్లికూతురు" అని ఇంగ్లిష్‌లో అడిగితే, ఆ మాటల్నీ వెక్టర్‌గా మార్చి పోల్చి, ట్యాగు లేకపోయినా అర్థంలో దగ్గరి సీన్లు తెస్తుంది. తెలుగులో అడిగితే తడబడుతుంది. అది ఎవరి పెళ్లో, ఏ తేదీయో తెలియాలంటే మాత్రం ట్యాగు రాయాల్సిందే.