పాలమూరోళ్లూ జర చూస్కోండి: షుగరోళ్ల ప్రోటీన్ డబ్బాకు 2,600 పోగొట్టుకున్న

నాకు కిరాణా దుకాణం ఉంది. పదిహేడేండ్ల సంది పప్పులు, బియ్యం, పల్లీలు తూకం వేసి అమ్ముతున్న. అసొంటి నేనే డబ్బా వెనక్కి తిప్పి చూడకుండ 2,600 కట్టిన. చెప్పుకోవాలంటే సిగ్గే గానీ, ఆరోజు నా వెనక లైన్ల ఇంకో నలభై మంది ఉన్నరు. అందుకే రాస్తున్న.

మెట్టుగడ్డ దిక్కు ఒక ఫంక్షన్ హాల్ల ఉచిత షుగర్ క్యాంపు పెట్టిండ్రు. అమ్మకు 61 ఏండ్లు, తొమ్మిదేండ్ల సంది షుగరు. తీస్కపోయిన. చెప్పులిడిపించి ఒక మిషన్ మీద నిలబెట్టిండ్రు, చేతుల రెండు పిడులు పెట్టిండ్రు. అర నిమిషంల చీటీ వచ్చింది. దాని మీద ఎర్ర అక్షరాలల్ల 'ప్రోటీన్ తక్కువ'. టై కట్టుకున్న పిల్లగాడు ఆ చీటీ చూసి మొఖం అట్ల పెట్టిండు, ఇంట్ల ఎవరన్న పోయిండ్రా అన్నట్టు. "పెద్దమ్మా, మీ కండ కరిగిపోతుంది. రాత్రి అన్నం బంద్ చెయ్యండి, ఈ పొడి పాలల్ల కలుపుకోని తాగండి."

అరకిలో డబ్బా 1,450. రెండు తీసుకుంటే 2,600. మీద పెద్దగ 'హై ప్రోటీన్', దాని కింద 'చక్కెర కలపలేదు', ఓ కంకి బొమ్మ. నేను రెండు తీసుకున్న. జీఎస్టీ బిల్లు అడగలేదు. గులాబీ రంగు రసీదు ముక్క ఇచ్చిండు, జేబుల పెట్టుకున్న.

ఇరవై రోజుల తర్వాత చూపిస్తే పొద్దుగాల పరగడుపు షుగరు 196 వచ్చింది. అంతకుముందు 128 ఉండె. తిన్న రెండు గంటలకు 290. డాక్టరమ్మ కోప్పడ్డది. అప్పుడు తెలిసింది, అమ్మ రాత్రి గోళీ బంద్ చేసిందని. ఎందుకమ్మా అంటే, "ఆ పిల్లగాడే అన్నడు, పొడి తాగితే గోళీలు మెల్లగ మానేయొచ్చని." నా పైసలు పోతే పోయినయి గానీ, ఈ మాటకు మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మీ ఇంట్ల ఎవరికన్న ఇదే మాట చెప్పి ఉంటే ఇయ్యాల్నే అడగండి, గోళీలు ఏస్కుంటున్నరా లేదా అని. ముసలోళ్లు మనకు చెప్పరు.

పొడి ఒక్కదానితోనే షుగరు పెరిగిందని నేననను. గోళీ లేదు, ఆ వానలకు నడక లేదు. రాత్రి ఆ పొడి పాలు ఒక్కటే తాగితే ఆకలైతుందని అమ్మ పదింటికి లేచి అన్నం కూడా తినేదట. కానీ పొడిల ఏముందో చెప్తా, మీరే చూడండి.

ఇంటికొచ్చి డబ్బా వెనక్కి తిప్పిన. గసగసాలంత అక్షరాలు. ఫోన్ కెమెరాల పెద్దగ చేసి చదివిన. ఏ సరుకు ఎక్కువుంటే ఆ పేరు ముందు రాయాలె, అది రూలు. మొదటి పేరు మాల్టోడెక్స్ట్రిన్. రెండోది బియ్యప్పిండి. తర్వాత సోయా, పాలపొడి. నేను కంకి బొమ్మ చూసి ఇదంత జొన్న అనుకున్న. జొన్న ఉంది, ఆరో పేరు అది. మాల్టోడెక్స్ట్రిన్ అంటే పిండి పదార్థాన్నే చిన్న చిన్న ముక్కలు చేసిన పొడి. నోట్ల ఏస్కుంటే తీపి అంతగ తెల్వదు, కానీ కడుపులకు పోయినంక గ్లూకోజు లెక్కనే చకచక రక్తంలకు ఎక్కుతది. అది చక్కెర లెక్కల రాదు, పిండి పదార్థం లెక్కల పోతది. కాబట్టి 'చక్కెర కలపలేదు' అని రాసిండంటే అబద్ధం రాసినట్టు కాదు. చూసిండ్రా మతలబు?

'హై ప్రోటీన్' కూడా అంతే. వంద గ్రాముల పొడిల ప్రోటీన్ 14 గ్రాములు, పిండి పదార్థం 74. రోజుకు మనిషికి కావాల్సిన ప్రోటీన్‌ల ఐదో వంతు, అంటే సుమారు 11 గ్రాములు, వంద గ్రాముల సరుకుల ఉంటే చాలు, ఆ మాట వేసుకోవచ్చు. రూలు ప్రకారం తప్పు లేదు. కానీ వంద గ్రాములు ఎవడు తాగుతడు? చెంచాకు 30 గ్రాములు. అంటే ప్రోటీన్ నాలుగు గ్రాములు, పిండి పదార్థం 22. గుడ్డు ఒక్కదాంట్ల ఆరు గ్రాములుంటది.

ఇగ మా దుకాణం లెక్క చెప్తా. రెండు డబ్బాలు కలిపి కిలో పొడి, దాంట్ల మొత్తం ప్రోటీన్ 140 గ్రాములు, 2,600 రూపాయలు. నా గల్లా పక్కన గోనెసంచిల ఉన్న కందిపప్పు కిలో 130, దాంట్ల 220 గ్రాములు. పల్లీలు కిలోల 250 దాక. రెండు డజన్ల గుడ్లు తింటే మీ 140 గ్రాములు దాటిపోతయి. నేను పొద్దున లేస్తే కూసునేదే ప్రోటీన్ మూటల నడుమ. ఇంకోన్ని వెతుక్కోని పోయి పైసలిచ్చి వచ్చిన.

ఆ పిల్లగాడు చెప్పిన దాంట్ల సగం నిజం లేకపోలేదు. మిషన్ సంగతి వదిలేయండి, అది ఒంట్లకు సన్నగ కరెంటు పంపి అంచనా కడతది, రక్తంల ప్రోటీన్ చూసేది కాదు. మా ఇంటామెకు, పక్కింటి వదినకు, అందరికీ ఎర్ర అక్షరాలే వచ్చినయి. కానీ అమ్మ తిండి చూస్తే ప్రోటీన్ తక్కువే తినేది. రేషన్ల సన్నబియ్యం వచ్చినప్పటి సంది మూడు పూటలా అన్నం, పచ్చిపులుసు. దేవరకద్రల ఉన్నప్పుడు రెండు పూటలు జొన్నరొట్టె తిన్న మనిషి. తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఒంటి బరువు కిలోకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలె. అమ్మ 58 కిలోలు, అంటే 48 గ్రాములు. పచ్చిపులుసుతోని అది ఎట్లైతది?

ఇప్పుడు పొద్దున రెండు రొట్టెలు, మధ్యాహ్నం అన్నం తగ్గించి ముద్దపప్పో పుంటికూర పప్పో, ఓ గుడ్డు, సాయంత్రం గుప్పెడు ఉడకబెట్టిన పల్లీలు లేకుంటే గుగ్గిళ్లు, రాత్రి మళ్ల రొట్టె, పెరుగు. యాభై దాటుతుంది. ప్రోటీన్‌ల రకరకాల ముక్కలుంటయట. ధాన్యంల లైసిన్ అనే ముక్క తక్కువట, అది పప్పుల ఉంది. పప్పుల మెథియోనిన్ తక్కువ, అది ధాన్యంల ఉంది. రెండూ కలిపి తింటేనే పూర్తి. మన పెద్దోళ్లు పప్పన్నం ఊరికే పెట్టలేదని డాక్టరమ్మనే నవ్వింది. అన్నం, రొట్టె మొత్తానికే బంద్ చేసుడు కూడా వద్దన్నది. రోజుకు కనీసం 130 గ్రాముల పిండి పదార్థం కావాలె. ఒంటికి చాలినంత అందకపోతే తిన్న ప్రోటీన్‌నే కట్టెల లెక్క కాల్చుకుంటదట. ఇంకోటి, షుగరు ఉన్నోళ్లకు కిడ్నీ దెబ్బతిని ఉంటే ఎక్కువ ప్రోటీన్ కూడా ప్రమాదమే. కిడ్నీ ఎట్లుందో తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకోకుండ ఏ పొడీ ముట్టొద్దు. అమ్మకు బాగనే ఉంది, దేవుని దయ.

ఫోన్ చేస్తే ఆ పిల్లగాడు, "అన్నా, మొదట పెరిగి తర్వాత తగ్గుతది, అది పొడి పనిచేస్తున్న గుర్తు" అన్నడు. రెండోసారి ఎత్తలేదు. మూడోసారి స్విచాఫ్. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించిన, నంబరు ఇచ్చిండ్రు. సీలు తీయని రెండో డబ్బా నా దగ్గరనే ఉంది. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నోళ్లే ఫీజు కట్టి పరీక్ష చేయించుకోవచ్చు, కానీ పరీక్ష చేయిస్తనని కొనేటప్పుడే అమ్మెటోనికి చెప్పాలె. నేను చెప్పలేదు. ఇప్పుడు ఏమన్న దారుందా అని ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ సారును అడుగుతా. హైదరాబాద్ నాచారంల ఉన్న సర్కారు ఫుడ్ ల్యాబుకు పోవాల్సొస్తే పోతా.

ఆ క్యాంపుల కొన్నోళ్లు ఎవరన్న ఉంటే గులాబీ రసీదు పారేయకండి. డబ్బా, రసీదు పట్టుకోని దుకాణం కాడికి రండి, అందరం కలిసి ఫిర్యాదు పెడితే బరువుంటది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు మాత్రం షటర్ దించి పండుకుంటా.