మందు మానిపించే ఓపీ వైద్యం: మా తమ్ముడి విషయంలో మేము చూసినది

తాగుడుకు అలవాటుపడిన మా తమ్ముడిని వైద్యానికి ఒప్పించడం ఒక ఎత్తయితే, సరైన చోటు వెతకడం మరో ఎత్తు అయింది. మొదట వెళ్లిన ఒక ప్రైవేటు కేంద్రంలో ఏ పరీక్షా చేయకుండానే మూడు నెలలు ఉంచాలని, డబ్బు ముందే కట్టాలని అన్నారు; మందులు రాసే డాక్టరు ఎవరని అడిగితే సమాధానం రాలేదు. మత్తు అలవాట్ల నుంచి బయటపడాలనుకునేవారి కోసం ఉన్న జాతీయ ఉచిత హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేశాక, జిల్లా ప్రభుత్వాసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి వెళ్లాము.

అక్కడ నాకు నమ్మకం కలిగించినవి మొదటి రోజు డాక్టరు అడిగిన ప్రశ్నలే. చివరిసారి ఎప్పుడు తాగారు, తాగకపోతే పొద్దున్నే వణుకు వస్తుందా, మానినప్పుడు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, లేని మనుషులు కనిపించారా అని ఓపికగా అడిగి, రెండు చేతులూ ముందుకు చాపించి వేళ్లు పరిశీలించారు. ఏళ్ల తరబడి తాగినవారు ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ప్రాణం మీదికి రావచ్చని, గతంలో ఫిట్స్ వచ్చి ఉంటే ఆసుపత్రిలో చేర్చుకోక తప్పదని చెప్పారు. మా వాడికి ఆ ఇబ్బంది లేకపోవడంతో లివర్ పరీక్ష చేయించి, రోజురోజుకూ మోతాదు తగ్గించుకుంటూ పోయే మాత్రలు, బి1 విటమిన్ రాసి, వాటిని మా మరదలి చేతికే ఇచ్చారు. ఉద్యోగం మానకుండా వైద్యం సాగడం మా ఇంటికి చాలా పెద్ద ఊరట.

తాగితే వాంతులయ్యే మాత్రను కూరలో కలిపి పెట్టవచ్చా అని అమ్మ అడిగింది. చాలా ఇళ్లలో ఈ ఆలోచన ఉంది కనుక రాస్తున్నాను: డైసల్ఫిరామ్ అనే ఆ మాత్ర సంగతి తెలియక మనిషి తాగితే బీపీ పడిపోయి ప్రమాదం ముంచుకొస్తుందని, రోగి ఒప్పుకోకుండా దాన్ని ఇవ్వకూడదని డాక్టరు అమ్మకు నచ్చజెప్పారు.

లోపాలు లేవని చెప్పను. కౌన్సెలర్ వారానికి రెండు రోజులే ఉంటారు, కూర్చోబెట్టి మాట్లాడేది పది నిమిషాలే. వరుసలో అందరికీ వినిపించేలా పేరు పిలుస్తారు. ఆ సిగ్గుతోనే మా తమ్ముడు ఒకసారి గేటు దగ్గరి నుంచి వెనక్కి వచ్చేశాడు. ఈ పద్ధతి తప్పక మారాలి.

నాలుగో నెలలో ఒక పెళ్లిలో మళ్లీ తాగాడు. భయపడుతూ తీసుకెళ్తే డాక్టరు కోప్పడలేదు. ఆ రోజు పొద్దుటి నుంచి ఏం జరిగిందో చెప్పమని, పక్కన ఎవరున్నారో, భోజనం ఎప్పుడు చేశాడో కూడా అడిగి చీటీలో రాసుకున్నారు. ఆ తర్వాతి వారం నుంచి ఓపీకి తనంతట తానే వెళ్తున్నాడు.